నడిపి ఓబులేసు వరుస

నేత్రావతి అన్నది మెర్జ్. ఓబులమ్మ విన్నది మ్యారేజ్. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు కాటన్‌పేట ఇంట్లో ఒంటికాలి మీద నిలబడి చెప్పు బిగించుకుంటూ నేత్రావతి ఫోన్లోకి అరిచిన మాట ఇది: "పదకొండు గంటలకు మా పెద్ద ఓబులేసు మామకూ నడిపి ఓబులేసు మామకూ మెర్జంట బాషా, నన్ను సంతకం పెట్టమంటాండారు." చెవిలో పెట్టుకోవలసిన మిషన్ను సొరుగులో పెట్టి, ఊరికే ఉండవలసిన చెవిని గడప మీద పెట్టి కూర్చున్న ఆమె తల్లి ఓబులమ్మకు అందులో సగమే అందింది. ఆ సగమే చాలు. డెబ్బై దాటిన తన అన్నలిద్దరికీ ఒకే ముహూర్తానికి మ్యారేజ్, అదీ పెద్దన్నకు కెంపమ్మ అనే భార్య నిక్షేపంలా ఉండగా, అదీ సొంత మేనకోడలి సంతకంతో. అడిగితే కూతురు విసుక్కుంటుందని ఓబులమ్మ కూతుర్ని అడగలేదు, బాగేపల్లి పక్కనున్న పుట్టింటికే ఫోన్ చేసి అడిగింది. నేత్రావతి మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కేసరికి ఆ ఇంట్లో పొయ్యి మీద అన్నం మాడుతోంది.

ఇవేవీ ఆమెకు తెలియవు. నేల కిందికి దిగగానే ఫోన్ మూగబోయింది, మంచిదే, ఇప్పుడు పది, పదకొండుకు ఇంకా గంట ఉంది, చిక్‌పేట దాటి మార్కెట్టు దాకా సొరంగమే కాబట్టి ఆ కాసేపైనా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, కానీ జవాబు చెప్పకపోవడమే జవాబైపోయే రోజులివి. పదకొండు లోపల నేత్రావతి అవుననో కాదనో నొక్కాలి. ఏదీ నొక్కకపోతే అవునన్నట్టే లెక్క. ఎవరు రాశారో ఆ నియమం. ఇన్నేళ్ళుగా పనిలో చేరిన ప్రతి కొత్తవాడికీ మొదటి రోజు ఆమె చెప్పే మొదటి పాఠం ఒకటే: గడి ఖాళీగా ఉందంటే లేదని కాదు నాయనా, అవునని అంతకన్నా కాదు, మనకు తెలియదని అర్థం, తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచు; ఈ ఖాళీకి కంప్యూటర్ భాషలో నల్ అని పేరు, నల్‌ను నిల్ అనుకున్నవాడు ఈ పనిలో నిలవడు. అలా ఎన్ని బ్యాచ్‌లను నవ్వించిందో. ఇప్పుడు ఆమె మౌనాన్నే తీసుకెళ్ళి అవును అనే గడిలో పడేస్తామంటున్నారు, ఆమె దగ్గరే పాఠం నేర్చుకున్నవాళ్ళు.

పదకొండు ఊళ్ళలో శాఖలున్న ఒక ఆస్పత్రికి రోగుల వివరాలు పట్టికల్లో భద్రపరిచే పని వాళ్ళ కంపెనీది, ఆ పట్టికలను కాచుకునే పని నేత్రావతిది. పట్టికలో ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉండాలి. ఉండాలి గానీ, జ్వరానికొకసారి, పన్ను నొప్పికొకసారి, పాత చీటీ పోయిందని ఇంకోసారి పేరు రాయించుకుని ఒకే మనిషి నాలుగు వరుసల్లో కూర్చుంటాడు. ఆ నాలుగింటినీ కలిపి ఒక్కటి చేయడమే మెర్జ్. ఆర్నెల్లు పట్టే ఆ పనిని కొత్తగా తెచ్చిన ఏఐ శని, ఆదివారాల్లో ముగించి, కలపవలసిన నలభై ఒక్క వేల జంటల జాబితా ముందు పెట్టింది. జంటలు అనే రాసింది అది, కాబట్టి అమ్మ చెవి తప్పేమీ లేదని తర్వాత నేత్రావతి ఒప్పుకుంటుంది. రిలేషనల్ డేటాబేస్ అంటే ఏందే అని ఓబులమ్మ ఒకప్పుడు అడిగితే, వరుసలమ్మా, ఏ వరుస ఏ వరుసకు ఏమవుతుందో చూసేది అని చెప్పింది. ఓబులమ్మ ఆశ్చర్యపోయింది. ఎవరికి ఎవరు మేనరికమో, ఎవరు ఎవరికి అన్న వరుసో, కాటన్‌పేట నుంచి కదిరి దాకా నాలుగు తరాలు నోటికి చెప్పగల మనిషి. "దీనికా వాళ్ళు నీకు జీతమిచ్చేది" అంది. ఆ రోజు నుంచీ చుట్టాలందరికీ చెబుతుంది, మా అమ్మి డబ్బాబేసులో పని చేస్తాది, మనమంతా ఊరికే చేసే పని.

నేషనల్ కాలేజీ దగ్గర బండి నేల మీదికీ, నేల మీది నుంచి వంతెన మీదికీ ఎగబాకగానే ఫోన్‌కు ప్రాణం వచ్చింది. కెంపమ్మ అత్త.

"ఏమ్మే నేత్రా, మీ మామకు పెండ్లంట గదా. మాకు కార్డు ఇచ్చేది లేదా?"

"పెండ్లేంది అత్తా?"

"నువ్వే సంతకం పెడతాండావంట. పదకొండుకంట. మీయమ్మ చెప్పింది."

"పెండ్లి కాదత్తా, అది ఆఫీసులో..."

"ఆఫీసులోనా? రిజిస్టర్ పెండ్లా?"

ఇది ఇప్పుడు తేలే సంగతి కాదు, అత్తా నేను మళ్ళీ చేస్తా అని పెట్టేసింది. పక్కన నిలబడ్డ ఇద్దరు తెలుగువాళ్ళు కిటికీలోకి చూస్తూ నవ్వు మింగుతున్నారు. నవ్వండప్పా, మా ఇంట్లో ఇది కొత్త కాదు. మా ఇంట్లో పేర్లే పెద్ద తమాషా. తాతకు పుట్టిన మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోతే, అహోబిలం నడిచి వెళ్ళి మొక్కుకున్నాడు, ఇకమీదట పుట్టేవాళ్ళందరూ నీవాళ్ళే స్వామీ, అందరికీ నీ పేరే అని. దేవుడు విన్నాడు, ముగ్గురు మగపిల్లలనూ ఒక ఆడపిల్లనూ ఇచ్చాడు, తాత మాట తప్పలేదు. పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు, ఓబులమ్మ. ఒకరికి వేరే పేరు పెడితే ఆ ఒక్కరినీ దేవుడు లెక్కలోంచి తీసేస్తాడేమోనని భయం. ఇది మా ఇంటి పిచ్చి అనుకునేరు, హిందూపురం నుంచి బాగేపల్లి దాకా ఊరికి పది ఇళ్ళలో ఉంది. బడిలో వేసే రోజు తాత పెద్దవాణ్ణీ నడిపివాణ్ణీ ఒకే చేత్తో పట్టుకుని తీసుకెళ్ళాడు, పుట్టిన తేదీ అడిగితే తెల్లమొహం వేశాడు, అయ్యవారు తన అలవాటు ప్రకారం ఇద్దరికీ జూన్ ఒకటి అని రాసి, ఏడాది కూడా ఒకటే వేసేసి, సున్నం డబ్బీ తీసుకున్నాడు. మూడేళ్ళ తేడా ఒక తమలపాకు నమిలేలోపు మాయమైంది. చిన్న ఓబులేసు మామ జ్వరమొచ్చి ఆ ఏడు బడికి పోలేదు కాబట్టి అతనికి ఇంకో ఏడాది జూన్ ఒకటి దొరికింది. ఆ జ్వరమే అతణ్ణి ఈ జాబితాలో పడకుండా కాపాడింది. మిగతా ఇద్దరికీ తండ్రి పేరు ఒకటి, ఊరు ఒకటి, పుట్టిన తేదీ ఒకటి, అందరూ వాడే ఇంటి ఫోన్ నంబరు ఒకటి, పేరు ఓబులేసు. ఇంతకన్నా ఒకటైన ఇద్దరు మనుషులు ఇంకెక్కడ దొరుకుతారు, ఏఐని అని ఏం లాభం.

ఆర్.వి. రోడ్డులో దిగి మెట్లు మారి పసుపు గీత బండి కోసం నిలబడింది. తెలుగు సీమలో పసుపు శుభం, ఆఫీసులో పసుపు హెచ్చరిక, ఈ ఊళ్ళో పసుపు గీత ఎలక్ట్రానిక్ సిటీకి దారి, ఈ మూడింట్లో తనకు ఇప్పుడు ఏ పసుపు వర్తిస్తుందో. వచ్చే సోమవారం ఒక జాబితా వస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు, పట్టికలు కాచే నలుగురిలో ఇద్దరే మిగులుతారట, ఏఐ ఉండగా నలుగురెందుకని. అందరూ ఆమెను చూసి ఈ మధ్య మరీ మర్యాదగా మాట్లాడుతున్నారు. మర్యాద పెరిగిందంటే మరి ఆట్టే రోజుల్లేవని. ఆ సంగతి పక్కన పెడితే, పక్కన పెట్టడానికి ఒక్క పక్కయినా ఉండాలి కదా, అన్ని పక్కలా బాషా గొంతే వినిపిస్తోంది. మహబూబ్ బాషా హిందూపురం శాఖలో రికార్డుల గది పెద్ద. పొద్దున తొమ్మిదికే మొదటిసారి చేశాడు. "అక్కా, జాబితా చూస్తినక్కా. మన నడిపోళ్ళంతా పోతాండారు" అన్నాడు. నడిపోళ్ళెవరు బాషా అంది. అతను చాలా మెత్తగా, "మర్చిపోతివా అక్కా, టైటిల్‌లో వెయ్యమని నువ్వే గదా చెప్తివి" అన్నాడు.

మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఇరవై రెండేళ్ళు నటించింది, నటన అలవాటైతే మరుపుకు మెరుపు వస్తుంది, అంతే. అప్పుడు ఆమెకు ఇరవై నాలుగు. మొదటి ఉద్యోగం, మొదటి పట్టిక. హిందూపురం ఆస్పత్రి వెనక గదిలో అట్ట కార్డుల గుట్టలు, దుమ్ము, తుమ్ములు, అప్పుడే పనిలో చేరిన బాషా కార్డు చదివితే ఆమె గడులు గీసింది. ఆమె చదువుకున్న లావుపాటి పుస్తకంలో మనుషులందరికీ రెండు ముక్కల పేర్లే ఉండేవి, ముందు ముక్క, వెనక ముక్క, దాని ముందు మిస్టరో మిసెసో ఒక తోక, తోక ముందుండడమే వింత. ఆమె పేరే ఆ రెండు గడుల్లో పట్టదు. కాటన్‌పేట ఆదినారాయణప్ప నేత్రావతి, ఊరు, నాన్న, తను, మూడు ముక్కలు. పాస్‌పోర్టు విచారణకు వచ్చినాయన ఇందులో ఇంటిపేరు ఏదని అడిగితే నాన్న కాటన్‌పేట అని రాసున్న తన నూలు కొట్టు బోర్డు వైపు చూపించాడు. ఆ సాయంత్రం బాషా ఒక కార్డు ఎత్తి, "అక్కా, ఈడ ముందర నడిపి అని ఉండాది, యాడ రాయాల?" అన్నాడు. గదిలో ఆమె పై అధికారి కూడా ఉన్నాడు, పెద్ద ఊరి మనిషి, ముగ్గురు అన్నదమ్ములకు ఒకటే పేరా, వీళ్ళకు ఊహ అనేది లేదా అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అదీ విషయం. తెలియక కాదు. ఆ కార్డు మీద ఉన్నది ఎవరి పేరో కాదు, సొంత నడిపి మామ పేరే, ఎర్ర సిరాతో పెన్సిలిన్ పడదు అని రాసిన కార్డు, అయినా నవ్వింది, వీళ్ళు మావాళ్ళు అని ఎక్కడ బయటపడుతుందోనని ఇంకాస్త ఎక్కువే నవ్వింది. అయిదున్నరకు బెంగుళూరు బస్సు ఉంది. "అది పేరు కాదు బాషా, శ్రీ లాంటిది. టైటిల్‌లో వెయ్యి" అంది. అలా ఆ గడిలో మిస్టర్, మిసెస్, డాక్టర్, పెద్ద, నడిపి, చిన్న చేరి కూర్చున్నాయి. ఇరవై రెండేళ్ళు కూర్చున్నాయి. ఏఐకి ఎవరో ఒక న్యాయమైన నియమం చెప్పారు, పేర్లు పోల్చేటప్పుడు టైటిళ్ళు పట్టించుకోకు అని. అది పట్టించుకోలేదు. ఎవరైనా అంతే చేస్తారు. డాక్టర్ ఓబులేసూ మిస్టర్ ఓబులేసూ ఒకడే కావచ్చు మరి.

బండి వచ్చింది. దీన్ని డ్రైవరు లేకుండా కూడా నడిపేలా తయారు చేశారట, అయినా ప్రస్తుతానికి ముందు ఒకాయన్ని కూర్చోబెట్టారు. నేత్రావతి మొదటి పెట్టె ఎక్కి ఆ తలుపు వైపు చూసి, ఏమప్పా, నీకూ సోమవారం జాబితా ఉందా అని మనసులోనే పలకరించింది. ముందిన నిల్దాణ, రాగిగుడ్డ, అని తర్వాతి స్టేషను పేరు చెబుతోంది కన్నడ గొంతు. సీటు దొరికింది. ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ ఏఐకి ఆఫీసువాళ్ళు ముద్దుపేరు ఒకటి పెట్టారు గానీ ఈమె మాత్రం దాన్ని ఏయ్ అనే పిలుస్తుంది, ఏఐని ఏయ్ అనక ఏమండీ అంటారా. పొద్దున బాషా ఫోన్ పెట్టగానే దాన్నే అడిగింది, నడిపి అంటే ఏమిటి? అది తడుముకోలేదు. నడిపి అంటే మధ్యవాడు, రాయలసీమ, సరిహద్దు జిల్లాల కుటుంబాల్లో ఒకే పేరున్న అన్నదమ్ములను గుర్తించడానికి వాడతారు అని చక్కగా చెప్పింది. తెలుసన్నమాట దానికి. తెలిసీ ఎందుకు కలిపావంటే, ఆ మాట టైటిల్ అనే గడిలో ఉంది కాబట్టి అంది. మీ పరిశీలన చాలా విలువైనది అని కూడా అంది. ఇంత ఒప్పుకునే గుణం ఇంట్లో ఒక్కరికైనా ఉంటే ఆమె బతుకు ఎలా ఉండేదో. పెద్ద, నడిపి, చిన్న అనే టైటిల్ తప్ప మిగతావన్నీ ఒకటైన జంటలెన్ని అని అడిగితే పది క్షణాల్లో లెక్క తీసింది, పందొమ్మిది వందల ఆరు. ఆమె తన చేత్తో రాసుకున్న ప్రశ్నతో మళ్ళీ తీసి చూసింది, సరిగ్గా అంతే. తప్పు దానిది కాదు. అడిగితే చెప్పేది, అడగలేదు. ఆమె రాసింది, అది నమ్మింది. ఇరవై రెండేళ్ళలో ఆమె రాసినదాన్ని ఇంత గుడ్డిగా నమ్మినవాళ్ళు ఇంకెవరున్నారు.

జయదేవ, బీటీఎం. మరి ఏం చేయాలి. దారులు మూడు. నోరు మూసుకుంటే పదకొండుకు అవునని పడిపోతుంది, పందొమ్మిది వందల ఆరు మంది ఇంకొకరిలో కరిగిపోతారు, ఎవరూ ఆమె పేరెత్తరు, ఏఐ చేసిందంటారు. ఇంకా చూడాలి అని నసుగుతూ కాదంటే, సరైన కారణం లేదని మేనేజరు కిరణ్మయి దాన్ని దాటేసి ముందుకు వెళ్ళిపోగలదు, ఆ అధికారం ఆమెకు ఉంది. గట్టిగా కాదనాలంటే కారణం చెప్పాలి, కారణం చెప్పాలంటే ఆ గడి ఎవరు గీశారో చెప్పాలి, చెబితే ఇంక సోమవారం దాకా ఆగక్కర్లేదు. ఒక పక్క ఏఐ రెండు రోజుల్లో నలభై ఒక్క వేలు చేసింది, ఒక పక్క ఈమె ఒక్క సాయంత్రంలో ఇరవై రెండేళ్ళకు సరిపడా తప్పు చేసింది, ఎవరిని ఉంచుకోవాలో తేల్చడానికి కమిటీ ఎందుకు.

సిల్క్ బోర్డు. పైనుంచి చూస్తే కింద బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని, ఎవరి బండి ఎవరిదో తెలియని ఒకే పెద్ద లోహపు ముద్ద. ఇంత ఎత్తు నుంచి చూస్తే అన్నీ ఒకటే. ఎత్తు నుంచి చూసేవాళ్ళకు కలిపేయడం ఎంత సుఖమో. కింద ప్రతి ముద్దలోనూ ఒకడు చెమటలు కక్కుతూ హారన్ కొడుతుంటాడు, నేను వేరేరా బాబూ అని. నడిపి మామ ఒకప్పుడు ఆ మాటనే ఇంకోలా అన్నాడట. కాల్లో ముల్లు దిగి చీము పడితే ఎవరో డాక్టరు పెన్సిలిన్ సూది వేశాడు, మొహం కుండలా ఉబ్బింది, ఊపిరి అందలేదు, జీపులో ఒళ్ళో పడుకోబెట్టుకుని హిందూపురం తెచ్చారు, మెలకువ రాగానే మొదట అడిగిన మాట, మా అన్నకేమీ కాలేదు గదా అని, ఎందుకంటే నర్సు బయట ఓబులేసు పరిస్థితి బాలేదు అని చెప్పడం విన్నాడు, అది తనేనని తట్టలేదు. అవును మరి. ఇంట్లో ఓబులేసు అని ఎవరు పిలిచారు కనక. అవ్వ అన్నానికి పిలిచేటప్పుడు పెద్దోడా, నడిపోడా, చిన్నోడా అనేది. ఓబులేసు అని పిలిస్తే ముగ్గురూ వస్తారు, ఒక్కో రోజు దేవుడే వస్తాడని అవ్వ భయం.

నేత్రావతి ల్యాప్‌టాప్ మూత సగం దించింది. ఇరవై రెండేళ్ళు తలకిందులుగా చూసింది. పేరు ఓబులేసు, టైటిల్ నడిపి అనుకుంది. ఓబులేసు అన్నదే టైటిల్. అది దేవుడిది, మొక్కుది, అందరికీ పంచిన ప్రసాదం. మనిషి పేరు నడిపి. ఉన్న ఆ ఒక్క పేరునూ తోక అని కత్తిరించి పారేసింది తను, ఒక పెద్ద ఊరివాడి నవ్వుకు జోడీగా నవ్వి. గురువారం నడిపి మామ కాలివేళ్ళకు ఆపరేషన్, షుగరు తినేసింది, అదే ఆస్పత్రిలో. రెండు వరుసలు కలిసినప్పుడు కొత్తగా దిద్దిన వరుసే మిగులుతుందన్నది నియమం. పోయిన నెల పెద్ద మామ కంటి పొర తీయించుకోవడానికి వెళ్ళాడు, పడని మందులు: లేవు అని రాయించాడు. కొత్త వరుస అదే. నడిపి మామ ఎర్ర సిరా ఇంక ఎక్కడా ఉండదు. గురువారం ఎవరో ఒక నర్సు తెర మీద చూస్తుంది, లేవు అని ఉంటుంది, ఆ అమ్మాయి తప్పేమీ ఉండదు. ఎవరి తప్పూ లేకుండానే పోతాడు మామ. ఒక్కడి తప్పూ లేకుండా మనిషిని పోగొట్టే ఈ ఏర్పాటుకు నేను ఆమోదం తెలపాలా, అదీ నోరు మూసుకుని. తెలపను. తొక్కలో టైటిల్. ఇంకా పందొమ్మిది వందల అయిదు జంటలున్నాయి, వాళ్ళలో ఎన్ని ఎర్ర సిరాలో. ఉద్యోగం పోతే కాటన్‌పేటలో అమ్మతో కలిసి పెళ్ళి సంబంధాలు చూస్తుంది, వరుసల్లో అనుభవం ఉందని బోర్డు పెట్టుకుంటుంది. కాదు, పోగొట్టుకోదు కూడా, ఎందుకు పోగొట్టుకోవాలి, కావాలంటే వాళ్ళే తీసేయాలి, తీసేటప్పుడు కళ్ళలోకి చూసి తీయాలి.

కూడ్లు గేటు. పది యాభై. కిరణ్మయి. విజయవాడ నుంచి వచ్చిన పిల్ల, చురుకైనది, చెడ్డది కాదు, అదే చిక్కు, చెడ్డవాళ్ళతో పోట్లాట తేలిక.

"నేత్రా గారూ, స్పీకర్‌లో ఉన్నారు, టీమ్ అంతా రూమ్‌లోనే ఉంది. మీ అప్రూవల్ ఒక్కటే పెండింగ్. ఎస్ ఆర్ నో చెప్పేస్తే రన్ స్టార్ట్ చేస్తాం."

"నో."

అవతల కుర్చీ కిర్రుమంది.

"సారీ?"

"కాదన్నా కిరణ్మయీ. పందొమ్మిది వందల ఆరు జంటలు జంటలు కావు. అన్నదమ్ములు. పెద్ద, నడిపి, చిన్న అనేవి పేర్లు, అవి టైటిల్ గడిలో ఉండబట్టి ఏఐ వదిలేసింది."

"పేర్లను టైటిల్‌లో ఎవరు పెట్టారండీ? ఎవరైనా అలా డిజైన్ చేస్తారా?"

పెట్టెలో జనం ఆమె వైపే చూస్తున్నారు. గొంతు తగ్గించుకోవచ్చు. తగ్గించుకోలేదు.

"నేనే. రెండు వేల మూడులో. తెలియక కాదు, సిగ్గుపడి. తప్పు నాదే. అయినా సంతకం పెట్టను."

ఎవరో దగ్గారు. కిరణ్మయి గొంతు మెత్తబడింది, మెత్తబడితేనే ప్రమాదం. "చూడండి, ఐ రెస్పెక్ట్ దట్. బట్ డేటా ప్రకారం అన్నీ సేమ్. డేట్ ఆఫ్ బర్త్ సేమ్, ఫోన్ సేమ్. వీళ్ళు ఇద్దరు వేరే మనుషులు అనడానికి ప్రూఫ్ ఏముంది? పది నిమిషాలే ఉంది."

సరిగ్గా అప్పుడే ఫోన్ మళ్ళీ కుయ్యిమంది, లైన్లో అమ్మ. ఓబులమ్మకు ఫోన్లో వచ్చిన విద్య ఒకటే, ఒకేసారి నలుగురు చుట్టాలను కలిపి మాట్లాడించడం, మరిది మనవడు పునీత్ నేర్పించాడు. అంటే ఆ లైను వెనక ఇప్పుడు బాగేపల్లి మొత్తం ఉంది. నేత్రావతి తెర వైపు చూసింది. రెండు కాల్స్. కింద ఒక చిన్న గుర్తు, దాని పక్కన మెర్జ్ అని రాసి ఉంది. నొక్కింది.

"నేత్రా, వాళ్ళిద్దరూ ఈ లైన్లోనే ఉండారు, నువ్వే అడుగు" అంటోంది ఓబులమ్మ. "నాకేం పెండ్లి ఓబులమ్మా, సుమ్మనే ఉండు" అంటోంది ఒక బొంగురు గొంతు. "నేను పుట్టింటికి పోతాండా" అంటోంది కెంపమ్మ. ఆఫీసు గదిలో పన్నెండు మంది ఊపిరి బిగబట్టిన చప్పుడు ఇటు వినిపించింది.

"కిరణ్మయీ, నీ ప్రూఫు లైన్లో ఉంది, అడుక్కో. మామా, వీళ్ళు ఆస్పత్రి లెక్కలు చూసేవాళ్ళు. అడిగినదానికి చెప్పండి."

కిరణ్మయి తడబడింది. "నమస్కారం అండీ. ఓబులేష్ గారు ఎవరు?"

"నేను" అన్నాయి రెండు గొంతులు.

"మీ డేట్ ఆఫ్ బర్త్?"

"జూన్ ఒకటి."

"జూన్ ఒకటి, యాభై నాలుగు."

"ట్విన్సా మీరు?"

"కాదు తల్లీ" అంది బొంగురు గొంతు. "వాడు నాకన్నా మూడేండ్లు చిన్న. అయ్యవారికి తొందర."

"మీకు పడని మందులేమైనా ఉన్నాయా?"

"నాకేం లేవు" అన్నాడు పెద్ద ఓబులేసు.

"నాకు పెన్సిలిన్ పడదు" అన్నాడు నడిపి ఓబులేసు. "మా అన్నకు మా వదిన మాట పడదు. వేరే అంతా ఇద్దరికీ ఒకటే."

గదిలో ఎవరో ఫక్కున నవ్వారు. ఈసారి ఆ నవ్వు వేరు, నేత్రావతికి తేడా తెలుసు. కీబోర్డు టకటక.

"రన్ ఆపేశాను" అంది కిరణ్మయి. "నేత్రా గారూ, రూట్ కాజ్ రిపోర్ట్‌లో మీ పేరు రాయాలి. నాకు వేరే దారి లేదు."

"రాయి. కాటన్‌పేట ఆదినారాయణప్ప నేత్రావతి. మూడు ముక్కలూ రాయి, ఒక్కటి కూడా టైటిల్‌లో వెయ్యొద్దు. కింద ఇంకో మాట రాయి, జవాబు చెప్పకపోతే అవునని లెక్కేసుకునే నియమం తీసేదాకా ఈ మనిషి ఏ సంతకమూ పెట్టదని. సోమవారం దాకా నేనెక్కడికీ పోను. ఆ పందొమ్మిది వందల ఆరు జంటలూ బాషా, నేనూ, ఆ ఏయ్, ముగ్గురం కూర్చుని విడదీస్తాం."

"అమ్మీ" అన్నాడు నడిపి మామ, ఇంతసేపూ ఏం జరుగుతోందో ఆయనకు ఎంత అర్థమయిందో గానీ, "నా పేరు ఏమన్నా కొట్టేస్తాండారా? ఓబులేసు కావాల్నంటే తీసుకోమను. అది స్వామిది. నడిపి ఒకటే నాది. దాన్ని ఉండనీ."

ఎలక్ట్రానిక్ సిటీ వస్తోంది. నేత్రావతి లేచి తలుపు దగ్గర నిలబడింది, కళ్ళు తుడుచుకుంది, తనలాగే బండి మారి వచ్చిన ఆ ఇద్దరు తెలుగువాళ్ళు ఈసారి నవ్వు మింగలేదు, చెవులప్పగించి వింటున్నారు.

"ఆయ్తు, అదంతా అయిపాయ" అంది ఓబులమ్మ. "మ్యారేజ్ సంగతేంది?"

"మ్యారేజ్ కాదమ్మా, మెర్జ్. అందరూ వినండి, అత్తా నువ్వూ విను, మళ్ళీ చెప్పను. మెర్జ్ అంటే కలిపేది. అమ్మ దినామూ ఫోన్లో చేస్తాదే, చుట్టాలందర్నీ ఒక లైన్లోకి తెచ్చేది, అదే. కాకపోతే అమ్మ కలిపితే ఎవరి గొంతు వాళ్ళకు ఉంటాది. ఆఫీసులో కలిపితే ఒక గొంతే మిగుల్తాది. అందుకని ఆపేసినా."

అందరికన్నా ముందు కెంపమ్మ అంది, "అట్లనా. ఇంక ఫోన్ పెట్టండప్పా, అన్నం మాడింది, మళ్ళీ వండాల. నడిపోడా, నువ్వూ ఈడే తిను."